పంటితో విన్న ఇంజను

మా బావకు చెవులు సరిగ్గా వినపడడం లేదన్న సంగతి రెండేళ్ల కిందట మొదట కనిపెట్టింది అక్క. తర్వాత నాకు తెలిసింది, ఆ తర్వాత వీధికంతా తెలిసింది. ఒప్పుకోనిది బావ ఒక్కడే. ఒప్పుకుంటే పోయేది చిన్న పరువు కాదు మరి. మైదుకూరులో కర్నూలు రోడ్డు పక్కన ఆయన ముప్పై ఏళ్లుగా డీజిల్ మెకానిక్కు. ట్రాక్టరైనా లారీ అయినా, పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, దాని కట్టె పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏ భాగం ఏడుస్తోందో చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా పాత బండి కొనాలంటే ముందు ఆయన చెవి, తర్వాతే బేరం. అన్నం పెట్టిన ఆ చెవులే ఆయనకు ఎదురు తిరిగాయి. ముప్పై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడితే ఏ చెవులైనా ఏం చేస్తాయి?

వినపడలేదు అన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. ఎవరేం చెప్పినా ఎదుటి మనిషి మొహంలోకి చూసి, తలాడించి, "సరేలేప్పా" అనేవాడు. ఒకసారి క్లచ్చు చూడమని ఇచ్చిన బండికి బ్రేకులు విప్పి కూర్చున్నాడు. మా అక్క గొంతు అసలే చిన్నది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే, రేపు పోదాంలే అనేవాడు. మొదట్లో నవ్వుకునేవాళ్లం. నేను నోటి తీట కొద్దీ ఒకరోజు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నాను, వేరే ఎవరి గురించో. అక్క నా వైపు చూసిన చూపుకు కంచం ముందు నుంచి లేచిపోయాను.

నవ్వులాట ఆగిపోయిన రోజు నాకు బాగా గుర్తు. బావ షెడ్డు ముందు రోడ్డు దాటుతుంటే వెనక నుంచి లారీ హారను కొడుతూనే వచ్చింది. ఆయన తిరగలేదు. ఆ డ్రైవరు ఎవరో గానీ చల్లగా ఉండాలి, స్టీరింగు గిర్రున తిప్పి బండిని మట్టిలోకి దించాడు. ఎదురుగా అన్నం గిన్నె పట్టుకుని వస్తున్న అక్క అదంతా చూసింది. మరునాడు పొద్దున్నే కోయిలకుంట్లలో ఉన్న నాకు ఫోను చేసి చెప్పింది.

"ఇనపడ్లేదని మీ బావ నోటితో ఒక్కసారి అంటే చాలురా. చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి పిల్చుకపోతా. అనడే!"

అక్క దగ్గర ఒక ఉపాయం కూడా ఉంది. అప్పుడు నేను బండి కొనే ప్రయత్నంలో ఉన్నాను. నాది నేలకు పరిచే నాపరాళ్ల వ్యాపారం. అన్నాళ్లూ బాడుగ బండ్లలో తోలుతూ వచ్చాను. ఇక సొంతానికి ఒక పెద్ద పికప్పు ఉండాలనుకున్నాను. దాన్ని ఎంచడానికి బావను పిల్చుకపొమ్మంది అక్క. షెడ్డులో అంటే తలాడించి తప్పించుకుంటాడు, బండి అమ్మేచోట ఇంజను ముందు నిలబడితే తప్పించుకోలేడు, వినపడడం లేదని చెప్పి తీరాలి అని ఆమె లెక్క. లెక్క సరిగ్గానే ఉంది. కానీ నలుగురిలో ఆ మాట చెప్పించడమంటే ఆ మనిషిని కూలదోయడమే కదా. నాకు పదేళ్లప్పుడు వాళ్లింటికి చేరాను. నాకు లుంగీ కట్టుకోవడం, గేరు వెయ్యడం, అప్పుడప్పుడూ అబద్ధం చెప్పడం, అన్నీ నేర్పింది ఆయనే. సరే అన్నాను గానీ మనసు ఒప్పలేదు.

అక్కకు కూడా చెప్పని తప్పు ఇంకొకటి నా దగ్గర ఉంది. కర్నూలు శివారులో పాత బండ్లు అమ్మే ఒకాయన దగ్గర నేను అప్పటికే రెండు పికప్పులు చూసి పెట్టుకున్నాను. ఒకటి తెల్లది, కంప్యూటరుతో నడిచే కొత్త రకం ఇంజను. తాళం తిప్పితే స్టార్టయిందో లేదో అని అనుమానం వచ్చేంత మెత్తగా నడుస్తుంది, డీజిలు తక్కువ తాగుతుంది. లోపల ఏసీ కూడా ఉంది. రెండోది నీలం రంగుది, తెల్లదాని కన్నా అయిదారేళ్లు పెద్దది. దానిది కంప్యూటరు లేని పాత పంపు ఇంజను. స్టార్టు చేస్తే వీధి చివరి వరకూ తెలుస్తుంది, స్టీరింగు పట్టుకుంటే మోచేతుల దాకా వణుకు. దాంట్లో ఉన్న సుఖమల్లా ఒకటే, రాళ్ల గని దారిలో ఆగిపోతే ఏ ఊరి మెకానిక్కైనా వచ్చి రెంచీతో లేపగలడు. తెల్లది ఆగిందంటే లాప్‌టాపు పట్టుకుని పట్నం నుంచి మనిషి దిగాలి.

నా మనసు తెల్లదాని మీదే పడింది. పోయిన వారమే కర్నూలులో వేరే మెకానిక్కును పిలిపించి కంప్యూటరు తగిలించి చూపించాను. లోపమేమీ లేదని కాగితం వచ్చింది, దాన్ని జేబులో పెట్టుకున్నాను. అమ్మేవాడికి సగం మాట కూడా ఇచ్చేశాను. అంటే బావను తీసుకుపోవడం వట్టి లాంఛనం. ఆయన చెవిని నేను నమ్మడం ఎప్పుడో మానేశాను, ఆ సంగతి ఆయనకు తెలియకుండా దాచాను, అంతే.

ఒకరోజు పొద్దున మైదుకూరు నుంచి కర్నూలు బస్సుకు ఇద్దరం బయలుదేరాం. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. స్క్రూడ్రైవరును పాత పేపరులో చుట్టి, చేతిసంచిలో నిలువుగా పెట్టుకుని, దారంతా ఒళ్లో పట్టుకునే కూర్చున్నాడు.

బండ్ల దగ్గరికి చేరగానే ఆయన ఇంజన్లు స్టార్టు చేయమనలేదు. ముందు రెండు బానెట్ల మీదా మోచెయ్యి కింద భాగం ఆనించి చూశాడు. తెల్లది చల్లగా ఉంది, నీలంది వెచ్చగా ఉంది. నా వైపు తిరిగి కన్ను గీటాడు.

"ఒకదాన్ని మనం రాకముందే నిద్ర లేపినారు. ఇంగొకదాన్ని నిద్ర లేయనీకుండా పెట్టినారు."

నాకు అర్థం కాలేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అబద్ధం చెప్తుందని, కాగినాకే నిజం కక్కుతుందని ఆయన సిద్ధాంతం. పాత బండి చలికి మొరాయిస్తుంది కాబట్టి దాన్ని ముందే వేడి చేసి ఉంచారు, అది చిన్న మాయ. తెల్లదాన్ని ఎందుకు చల్లగా ఉంచారో చూడాలన్నాడు. రెండు ఇంజన్లనూ అరగంట పాటు నడిపించమన్నాడు. అమ్మేవాడు టీ తెప్పించాడు, మెరిసే రంగు చూపించాడు, మైలేజీ చెప్పాడు. బావ ప్రతిదానికీ సరేలేప్పా అన్నాడు. ఆయనకు ఒక్క ముక్క కూడా వినపడి ఉండదు. రెండు ఇంజన్లు మోగుతున్నాయి మరి.

అరగంట అయ్యాక తెల్ల బండి బానెట్టు ఎత్తి స్క్రూడ్రైవరు తీశాడు. అందరికీ కనపడేట్టు చెవికి పెట్టుకున్నాడు, రెండుసార్లు తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు. అక్కకు ఊపే తలే అది. ఇప్పుడు ఏదో ఒకటి తోచింది చెప్తాడు, అమ్మేవాడు నవ్వుతాడు, అక్క లెక్క తేలిపోతుంది అనుకున్నాను. బావ బండి అవతలి వైపుకు, గోడకూ బండికీ మధ్య సందులోకి నడిచాడు. ఎండలో నీళ్లు కావాలేమోనని నేను సీసా పట్టుకుని వెనకాలే పోయి, ఎత్తిన బానెట్టు పక్క నుంచి చూశాను.

ఆయన కళ్లు మూసుకుని వంగి ఉన్నాడు. స్క్రూడ్రైవరు కొన ఇంజను అడుగున ఆని ఉంది. కట్టె పిడి ఆయన పళ్ల మధ్య ఉంది. గట్టిగా కరిచిపట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ మనిషి పళ్లతో వింటున్నాడు. కొనను కొంచెం జరుపుతాడు, మళ్లీ కరుస్తాడు. నిండు గర్భిణి కడుపు నొక్కి చూసే మంత్రసాని మొహంలో ఉండే శ్రద్ధ ఆయన మొహంలో ఉంది. నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. చప్పుడైనా ఆయనకు వినపడదని తర్వాత గుర్తుకొచ్చి, నా మీద నాకే రోత పుట్టింది.

ఆయన నీలం బండిని కూడా అలాగే చూసి, స్క్రూడ్రైవరును బంపరు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయాడు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పిడి నిండా పళ్ల గాట్లు. కొన్ని కొత్తవి, చాలావరకు నూనె జిడ్డు పట్టి నల్లబడిపోయినవి. ఈ రెండేళ్లూ ఎవరూ చూడకుండా షెడ్డు మూలల్లో ఆయన ఇలాగే పని చేసుకుంటూ వచ్చాడన్నమాట. నేనూ దాన్ని తెల్ల బండికి ఆనించి కరిచి చూశాను. పళ్ల నుంచి తలకాయంతా జుమ్మని అదిరింది. నీలందానికి పెట్టినా అదే అదురు. నాకు రెండూ ఒకటే. ఏమీ తెలియలేదు.

బావ వచ్చి తడి చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు.

"తెల్లది పైన పటారం, లోన లొటారం. అడుగున బేరింగు కొట్టుకుంటాండాది. చిక్కని ఆయిలు పోసి దాని నోరు మూసినారు. నీలంది నోటి దురుసుది గానీ కడుపులో ఏం పెట్టుకోదు. దాన్ని తీసుకో."

బేరింగు అరిగిన రజను ఉందో లేదో తేలుతుందని, తెల్లదాని ఆయిలు ఒక దోసెడు కిందికి దించి చూపించమని అమ్మేవాణ్ని అడిగాడు. మొన్ననే మార్చామని, ఇప్పుడు విప్పడం కుదరదని అతను అన్నాడు. ఆ తర్వాత అతనికి ఒళ్లు మండినట్టుంది.

"మీ బామ్మర్ది పోయిన వారమే కంప్యూటరు పెట్టి చూపిచ్చుకున్యాడు కదన్నా. అంతా బాగుండాదని కాగితం గూడా ఇచ్చినారు. ఇంగ నీ స్క్రూడ్రైవరు ఎందుకు?"

నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. బావ అతని వైపు చూశాడు, నా వైపు చూశాడు. తలాడించి, సరేలేప్పా అన్నాడు. విన్నాడో వినలేదో నాకు తెలియలేదు.

జేబులో కాగితం ఉంది. కాగితానికి పళ్లు లేవు, రెండేళ్లుగా దొంగచాటుగా కరుచుకుంటూ బతికిన బాధ లేదు. అది చెప్పినది నిజమే కావచ్చు. తెల్లదాని బేరింగు నిజంగా పోయిందా అని ఎవరైనా అడిగితే ఇవాళ్టికీ నేను చెప్పలేను. నీలం బండికే బేరం ఆడి కొన్నాను. అంతసేపూ బావ ఈ మూల నుంచి ఆ మూలకు టైర్లను కాలితో తన్నుతూ నడిచాడు.

తిరుగు దారిలో మాటలకు తావే లేదు. ఆ ఇంజను మోతలో పక్కన కూర్చున్నవాడి మాట దేవుడికి కూడా వినపడదు. నంద్యాల దాటే వరకూ ఇద్దరమూ చెవిటివాళ్లమే. ఆళ్లగడ్డ దగ్గర టీకి ఆపి ఇంజను కట్టేశాను. బావ ఎదురుగా, ఆయన కళ్లు నా పెదాల మీద ఉండేట్టు కూర్చున్నాను. వేరే మెకానిక్కును పిలిపించానని, నీ చెవి మీద నమ్మకం పోయి ఆ పని చేశానని, నిదానంగా, ఒక్కొక్క మాటే చెప్పాను. చెప్పి క్షమించమన్నాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, తెలుసులే అన్నాడు. ఆ అమ్మేవాడు మాట్లాడుతున్నప్పుడు నా మొహం చూశాడట. దొంగతనం చేసి దొరికినోని మొహం మాదిరి తెల్లగా పాలిపోయిందట.

"నేను గూడా చూసినా బావా" అన్నాను. "ఆ సందులో."

ఆయన నోరు మూసుకుని నాలుకతో ముందు పళ్లను తడుముకున్నాడు. ఒక పన్ను కొంచెం విరిగి ఉంది, అది నేను అంతకు ముందు ఎన్నడూ గమనించలేదు.

"చూసి గూడా ఎందుకు కొన్యావురా?"

"నువ్వు చెప్పినావు గదా."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మనిషి అలా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. టీ అంగడి ఆమె అడగకుండానే ఇంకొక గ్లాసు టీ తెచ్చి పెట్టి వెళ్లిపోయింది. నాకు ఆయన మీద పుట్టినంత ప్రేమ ఆ పూట ఇంకెవరి మీదా పుట్టలేదు. ఆ సంగతి చెప్పాలనుకున్నాను, చేతకాలేదు. పద బావా, పొద్దు పోతాంది, బిన్నా పోదాం అన్నాను.

మైదుకూరు చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఆ మోతకు వీధిలో వాళ్లంతా గడపల్లోకి వచ్చారు. అక్క కూడా వచ్చింది. బండిని చూసింది, నన్ను చూసింది. ఏమైందని ఆమె కళ్లు నన్ను అడుగుతున్నాయి. నేను ఇంజను ఆపాను. బావ దిగి, సంచి భుజాన వేసుకుని, ఇంటి మెట్టు ఎక్కి అక్క వైపు తిరిగాడు. అక్క అలవాటుగా తన చిన్న గొంతుతో ఆయన్ను ఏదో అడిగింది. నాకే సరిగ్గా వినపడలేదు. అలవాటు కొద్దీ ఆ మాటను గట్టిగా చెప్పబోతూ నేను ముందుకు వచ్చాను. బావ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. దిగి వెనక్కి వచ్చి, అక్కకు రెండడుగుల దూరంలో నిలబడి, ఆమె మొహంలోకి చూశాడు.

"నాకు ఇనపడ్లేదు. మళ్లా చెప్పు."

అక్క నోరు తెరిచింది. రెండేళ్లుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్న మనిషి. తాను అడిగిందేమిటో ఆమెకు ఎంతకీ గుర్తు రాలేదు.