బాబాయి పదకొండు నిమిషాలు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ నాలుగు సెకన్ల బాబాయి అంటారు. రేపు ఏ డ్రైవరు ఏ బస్సు నడపాలో తేల్చే కంప్యూటర్ ప్రోగ్రాం ఆయనే సి భాషలో రాశాడు. నాలుగంటే నాలుగే సెకన్లలో రెండువందల అరవై మంది డ్యూటీలు కక్కేస్తుందది. ఇరవై రెండేళ్ళుగా అదే ఆయన గొప్ప. కింది అంతస్తులో ఓ మూల గది ఆయనది. పనున్నవాళ్ళు గుమ్మంలోనే నిలబడి కాగితం అందుకుని పోతారు. నాలుగు సెకన్ల పనికి కూర్చునేదెవరు! ఇంట్లోనూ అదే వరస. భార్య పోయి ఆరేళ్ళు, చెల్లెలు ఆదివారం ఫోన్ చేస్తే చేసినట్టు, లేకపోతే లేదు.

అలాంటి చోటికి, అదే ప్రోగ్రాం పైథాన్ అనే మరో భాషలో రాసే కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. బాబాయి ప్రోగ్రాం ముందే యంత్రం భాషలోకి మారిపోయి సిద్ధంగా ఉంటుంది, నొక్కగానే పరుగే. ఆమెది నడుస్తూ నడుస్తూ ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పించుకుంటూ కదులుతుంది. మేనేజరు రెండింటికీ పందెం పెట్టాడు. బాబాయిది నాలుగు సెకన్లు, ఆమెది పదకొండు నిమిషాలు. బాబాయి మీసం మెలేశాడు. మెలేయడా మరి!

మర్నాడే కొత్త రూలొచ్చింది: వరసగా రెండు రోజులు ఎవరికీ తెల్లవారుజాము డ్యూటీ వేయకూడదట. ఇంజనీరమ్మ గంటలో మార్చి చూపించింది. బాబాయి తన పాత రాతలో తనే దారితప్పి, ఒకచోట సర్దితే ఇంకోచోట ఊడి, తొమ్మిది రోజులు కిందామీదా పడ్డాడు. మేనేజరు ఆమెదే ఖాయం చేశాడు. బాబాయికి ఒళ్ళు మండిపోయింది.

"పదకొండు నిమిషాలు ఏం వెలగబెడుతుందో చూసొస్తా" అనుకుంటూ సాయంత్రం నాలుగింటికి పై అంతస్తులో ఆమె గదికెళ్ళాడు. బటన్ నొక్కేసి గుమాస్తా, మెకానిక్కు, టికెట్ల సెక్షన్ అక్కయ్య తలా ఓ కుర్చీ లాక్కుని టీ కప్పులతో కూర్చున్నారు.

"రండి బాబాయ్, ఇదిప్పట్లో తెమలదు, కూర్చోండి" అంది ఇంజనీరమ్మ.

మెకానిక్కు వాళ్ళ మామగారి గురక గురించి చెబుతుంటే బాబాయికి నవ్వి నవ్వి పొలమారింది. అంతకుముందు ఎప్పుడు నవ్వాడో ఆయనకే గుర్తులేదు. ఇక రోజూ నాలుగింటికి ఠంచనుగా హాజరు.

నెల గడిచాక ఇంజనీరమ్మ అడిగింది. "బాబాయ్, లెక్కలు కట్టే ముక్క దగ్గరే నత్తనడక నడుస్తోంది. ఆ ఒక్కటీ మీ సి లో రాసిపెట్టండి, నాదానికి తగిలిస్తా."

రెండు రోజుల్లో రాసేశాడు. తగిలించి చూసుకుంటే మొత్తం ఆరు సెకన్లు. కానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఇస్తే ఆ పదకొండు నిమిషాలూ పోతాయి, వాటితోపాటే ఆ మాటలూ పోతాయి. "ఇంకా కుదర్లేదమ్మా" అన్నాడు. మూడు వారాలు అదే పాట. వేగం కోసం ప్రాణం పెట్టిన మనిషి ఇలా దొంగాట ఆడతాడని ఎవరనుకుంటారు!

ఒకరోజు ఆయన టీ తాగుతుంటే కిటికీ అవతల వరండాలో, మోకాలికి పట్టీ కట్టుకున్న పెద్ద డ్రైవరొకడు గోడ పట్టుకుని కనిపించాడు.

"ఏం అన్నయ్యా, మీ కాలంలో డ్యూటీ చార్టు ఇట్టే వచ్చేది కదా? ఇప్పుడేంటీ పడిగాపులు? రోజంతా బండి నడిపొచ్చి, ఈ కాళ్ళమీద నిలబడలేక చస్తున్నా."

బాబాయికి తల కొట్టేసినట్టయింది. సగం తాగిన కప్పు అక్కడే పెట్టేసి కిందికి దిగిపోయాడు.

మర్నాడు ఫైలు ఇచ్చేశాడు. ఇంజనీరమ్మ దాన్ని తగిలించి నొక్కింది. గుమాస్తా కప్పు పెదాలకు ఆనించేలోపే చార్టు వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మెకానిక్కు బాబాయిని వాటేసుకుని, కప్పు చేత్తో పట్టుకునే షెడ్డుకి పరిగెత్తాడు. మిగతావాళ్ళూ ఎవరి పనికి వాళ్ళు లేచారు.

ఇంజనీరమ్మ మొహం వెలిగిపోతోంది. "మీ పుణ్యమా అని గట్టెక్కాం బాబాయ్. పాపం, రేపట్నుంచి మీరు పనిగట్టుకుని ఇన్ని మెట్లెక్కి రానక్కర్లేదు."

"సరేనమ్మా" అన్నాడు బాబాయి.