మూకుడు నిండా నీళ్ళు

నా చిన్నప్పుడు నానక్‌రామ్‌గూడలోని మా ఇంట్లో వేప చెక్కతో చేసిన జాలీ అల్మారా ఒకటి ఉండేది. మా నాయనమ్మకు అదంటే ప్రాణం. పాలు, పెరుగు, నెయ్యి అన్నీ అందులోనే. చీమలు ఎక్కకుండా దాని కాళ్ళ కింద నాలుగు మట్టి మూకుళ్ళు పెట్టేది. ఒక్కో మూకుట్లో బల్లపరుపు రాయి, ఆ రాయి మీద అల్మారా కాలు. నీళ్ళు రాయి చుట్టూ ఉండాలి గానీ కాలికి తగలకూడదు. రోజూ పొద్దున్నే కాసిని నీళ్ళు పోసి, పొడిగుడ్డతో కాళ్ళు తుడవడం నా పని.

నేను ఒట్టి బద్ధకపుదాన్ని. రోజూ పోసే బాధ తప్పుతుందని వారానికోసారి మూకుడు అంచుదాకా నింపేసి ఆటలకు పోయేదాన్ని. రాళ్ళు మునిగేవి, కాళ్ళు నానేవి. పైకి అల్మారా బాగానే కనిపించేది కాబట్టి నాకు ఏ బెంగా లేదు. అలా రెండు వానాకాలాలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం వెనక కాలు మెత్తబడి విరిగింది. అల్మారా ఒరిగి నెయ్యి కుండ పగిలింది. మా నాయనమ్మ దాన్ని చేసిన వడ్రంగి తాతను పిలిపించింది. మా వీధి చివరే ఆయన ఇల్లు. "ఏంది తమ్మీ, గిసొంటి కట్టె పెట్టినవ్?" అని వాకిట్లో నలుగురూ వినేలా అడిగింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను.

ఆయన విరిగిన కాలును చేతిలోకి తీసుకున్నాడు. నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కాయో నల్లటి చార చెబుతూనే ఉంది. మూకుళ్ళ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"కట్టె సరిగ సూస్కోలే అక్కా, నా తప్పే. కొత్త కాలు ఏస్త" అన్నాడు.

మర్నాడు టేకు కాలు చేసి తెచ్చి బిగించాడు. తర్వాత నన్ను పిలిచి చేతికి గుడ్డ ఇచ్చాడు. ముందు పొడిగా తుడవాలని, ఆ తర్వాత అవిసె నూనెను చెక్క చారల వెంబడే రుద్దాలని చూపించాడు. ఉలితో రాయి మీద ఒక గీత గీసి, "నీళ్ళు గింత దాంకనే పొయ్యి బిడ్డా. కట్టె ఎన్ని నీళ్ళు తాగిందో దాచుకోదు" అన్నాడు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. దెబ్బలకు భయపడ్డాను, అంతే. ఆ వేసవిలో మా చిన్నాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. తలుపులూ దర్వాజాలూ ఆ తాతే చేయాలని అంతకు ముందే అనుకున్నారు. మా నాయనమ్మ వద్దంది. ఆ పని వేరే ఊరి వడ్రంగికి పోయింది. ఆ తాత పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఆ ఇంటి ముందు నుంచే పని వెతుక్కుంటూ పొరుగూరికి నడిచి వెళ్ళేవాడు. నన్ను చూస్తే ఎప్పటిలాగే తల ఊపేవాడు. పాపిష్టిదాన్ని, నేను తల దించుకునేదాన్ని.

ఇప్పుడు ఆ అల్మారా తెల్లాపూర్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఉంది. మనవరాలు అందులో పుస్తకాలు పెట్టుకుంటుంది. తడిగుడ్డతో నేల తుడిచే అమ్మాయి వచ్చిందంటే చాలు, నేను పొడిగుడ్డ పట్టుకుని అల్మారా పక్కన చేరతాను. మా కోడలు నవ్వుతుంది. నెలకోసారి నూనె కూడా నేనే రాస్తాను. ఆ టేకు కాలు రంగు మిగతా మూడింటితో కలవదు. ఎందుకని మనవరాలు అడిగితే, "కట్టె మంచిదే బిడ్డా, తప్పు నాది" అని చెప్పాను. ఇంటికి వచ్చినవాళ్ళు అడగకపోయినా చెబుతూనే ఉంటాను. మా నాయనమ్మకు మాత్రం, ఆమె బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు.