నేనమ్మిన నకిలీ జత

జనగామల మాకు బట్టల దుకాణం. గల్ల కాడ కూసున్నా నా పాణమంత ఫోన్లనే ఉండేది. పేరున్న కంపెనీలు కొన్ని రకాల బూట్లు తక్కువ జతలే తీస్తయి. దొరకనోళ్లు తర్వాత రెండింతలు పెట్టి కొంటరు. అసొంటియి రెండు జతలు హైదరాబాద్‌ల ఒకాయన దగ్గర తెచ్చిన. పొద్దుగాల లేస్తే రేటు చూసుడు, అన్నం తినుకుంట చూసుడు, గిరాకీకి చీర చూపెట్టుకుంట చూసుడు. రేటు పెరిగితే ఇంకా పెరుగుతదేమోనని ఆగేది, తగ్గితే మల్ల పెరగనీ అని ఆగేది.

"తొడుక్కోవు, అమ్మవు. మరెందుకురా అవి?" అని బాపు ఇసుక్కునేటోడు.

ఫోన్ల, బూట్లు కొని అమ్మేటోళ్ల గ్రూపుల మాత్రం నేను ఉస్తాద్‌ని. డబ్బా పారెయ్యొద్దు, బిల్లు దాచుకోవాలె, ఎండల పెడితే అడుగు సోలు పసుపు రంగుకొస్తది అని అందరికి సలహాలు రాసేది. అవి చదివే మానుకోట దవాఖానల నర్సు ఒకామె మొదటి జత కొన్నది. "దినమంత నిలవడి చేసే డ్యూటీ తమ్మీ. ఒక్కసారన్న మంచియి తొడుక్కుంట" అన్నది. పార్శిల్ పంపిన.

రెండో జతకు భూపాలపల్లి బొగ్గుబాయిల పనిచేసే అన్న అడిగిండు. బస్సెక్కి నేనే తీస్కపోయిన. బస్టాండ్ పక్క చాయ్ హోటల్ల డబ్బా తెరిచిండు. కాలుకు పెట్టుకోలే. లోపలి అట్ట లేపి కుట్టు చూసిండు. బూటు లోపలి నంబరు, డబ్బా మీది నంబరు కలిపి చూసిండు.

"తమ్మీ, గిది అసలుది కాదు."

"ఎట్ల కాదన్నా? బిల్లున్నది కద!"

"బిల్లు గూడ దొంగదే. నా ఇంట్ల ఇదే రకం ఇంకో రంగుల అసలుదున్నది, గందుకే చెప్తున్న."

తిట్టలే. చాయ్ తాగిపిచ్చి పంపిండు. తిట్టినా బాగుండు అనిపించింది. వాపసు బస్సుల సీటున్నా కూసోబుద్ధి కాలే. నాకమ్మిన హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలే. నర్సక్క జత గూడ ఆయన దగ్గరిదే. చెప్పకపోతే ఆమెకెట్ల తెలుస్తది అని ఒక దిక్కు, తెలిస్తే ఏమనుకుంటదని ఇంకో దిక్కు. నాలుగు దినాలు దుకాణంల ఒక్కకాడ నిలవలే. ఆఖరికి బాపుకు చెప్పిన.

"రంగు పోయిన చీర తెస్తే మనం వాపస్ తీస్కుంటలేమా? పో, చెప్పిరా" అన్నడు.

రైలెక్కి మానుకోట పోయిన. దవాఖాన గేటు కాడికి ఆమె వచ్చింది. బూట్లు కాళ్లకే ఉన్నయి. ఒక బూటు అంచు ఊడితే గమ్ముతోని అతికిచ్చుకున్నది. సంగతి చెప్పిన. వంగి ఆ గమ్ము పెట్టిన అంచు ఒత్తి చూసింది.

"నా నడకనే మంచిగ లేదనుకున్న తమ్మీ. గంత మంచియి నా కాళ్లకు నప్పవు అనుకున్న."

తర్వాత ఆమెకు కోపమొచ్చింది. "గన్ని సలహాలు రాస్తివి, నువ్వెందుకు చూస్కోలే?"

"తెల్వలేదక్కా. తెలిసినట్టు రాసిన."

నేను తెచ్చిన పైసలు పూరా తీస్కున్నది. అక్కడ్నే బూట్లు ఇడిసి నా చేతికిచ్చి, సంచిలకెల్లి రబ్బరు చెప్పులు తీసి తొడుక్కొని లోపలికి పోయింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు గ్రూపుల రాసిన. కొందరు తిట్టిండ్రు. ఇద్దరు ముగ్గురు మాత్రం తమ జతల ఫోటోలు పంపి, ఇవి అసలియేనా అన్నా అని అడిగిండ్రు. నాకు తెల్వదని రాసిన. గా ఒక్క మాట రాసుటానికి శానసేపు పట్టింది.