పసుపు కాళ్ల పెట్ట

మా అత్త గురమ్మకి నోరెక్కువ. నాకూ తక్కువేం కాదు. ఇద్దరం ఒక కప్పు కింద బతుకుతన్నామంటే మధ్యన కోళ్లుండబట్టే. నన్ను తిట్టాలనుకున్నప్పుడల్లా ఆవిడ కోళ్లని తిడతాది. ఆవిడ్ని తిట్టాలనుకున్నప్పుడల్లా నానూ కోళ్లనే తిడతాను. ఆ కోళ్లకి మా ఇంటి గుట్లన్నీ తెలుసు.

నౌపడ ఉప్పు మడులు దాటి సవుద్రం దరికెల్తే మా ఊరు. పొద్దున్నే సేపల గంప నెత్తినెట్టుకుని ఊళ్లమ్మట అమ్ముకొస్తాది మా అత్త. కానీ ఆవిడకి పేరొచ్చినాది సేపల వల్ల కాదు. ఊళ్లో ఎవులు కోడి కొన్నా ముందు తెచ్చి ఆవిడకే సూపిస్తారు. సంకలో ఎట్టుకుని ముక్కు సూస్తాది, నెత్తి మీద తురాయి సూస్తాది, ఆఖర్న కాళ్లు సూస్తాది. "ఇది జాతి కోడి, ఆ మెడ పొడుగు సూడు, దెబ్బలాటకే పుట్టినాది" అంటాది. ఓసారి పక్కింటి దానమ్మ ఎర్ర పెట్టని తెచ్చి నాటుదని మురిసిపోతంటే, "ఓలమ్మ, నీ నాటు తగలెయ్య! ఇది గవర్నమెంటోళ్ల గ్రామప్రియ. గుడ్లెడతాది గానీ ఒక్కటీ పొదగదు. ఆ గుడ్లు తెచ్చి మా పెట్ట కిందెట్టుకో" అన్నాది. దానమ్మ మూతి ముడుసుకుని ఎల్లిపోనాది. తరవాత గుడ్లట్టుకుని తనే ఒచ్చినాది.

నాను కోడలిగా ఒచ్చిన కొత్తల్లో నాకూ నేర్పినాది. "ఈక సూసి మోసపోకే పిల్లా. నల్లీకలు నాటుదానికీ ఉంటాయి, కడక్‌నాథ్‌కీ ఉంటాయి, రెండూ కలిసినదానికీ ఉంటాయి. కాళ్లు సూడు. కాళ్లు అబద్దమాడవు." మా ఆయన హరిబాబు పక్కన కూకుని నవ్వీవోడు. "దీనికి కోళ్ల సదువెందుకే అమ్మా, కూర ఒండటం నేర్పు ముందు" అనీవోడు. ఆ నవ్వు ఇప్పటికీ నా సెవుల్లో ఉన్నాది.

మావ అనీదాన్ని మా ఆయన్ని. మావ ఆఖరిసారి సవుద్రం మీద ఏటకెల్లిన్నాడు ఎండ బాగానే కాసినాది. సాయంత్రానికి గాలి తిరిగిపోయి వాన పట్టీసినాది. మిగతా బోట్లు ఒకదానెనక ఒకటి ఒడ్డెక్కీసినాయి, మావ ఎల్లిన బోటు రానేదు. మా అత్త ఆ వానలోనే పెరట్లోకి పరిగెత్తి, గంప కింద ముడుసుకున్న నల్ల పెట్టని బయటికి లాగినాది. నాటుది, పసుపు కాళ్లది, పిల్లప్పట్నుంచీ ఆవిడ సేత్తో పెంచుకున్నది. దాని కాలికి పసుపు గుడ్డ పీలిక కట్టి, "గంగమ్మ తల్లీ, నా కొడుకు ఒడ్డెక్కితే ఇది నీదే" అని మొక్కుకున్నాది.

మావ ఒడ్డెక్కనేదు. బోటూ దొరకనేదు, మనిషీ దొరకనేదు.

మొక్కిన కోడిని మొక్కు తీరేదాకా కొయ్యకూడదు, అమ్మకూడదు. మాలో పద్దతది. అలగని ఆ పెట్ట మా పెరట్లో ఉండిపోనాది. ఎవులు సెప్పినారో, ఎప్పుడు మొదలైనాదో తెలీదు గానీ, అది బతికుంటే మావా ఎక్కడో ఓ ఒడ్డున బతికున్నాడని మా ఇంట్లో నమ్మకం కూకుండిపోనాది. పొద్దున్నే కోళ్లకి నూకలు జల్లి, ఓ గుప్పెడు పక్కకి తీసి, దానికి నా సేత్తో తినిపించీదాన్ని. "తినే తల్లీ. మావ ఒచ్చేదాకా నువ్వుండాల" అనీదాన్ని. మా అత్త గుమ్మంలో నిలబడి సూసీది. లచ్చింవారం లచ్చింవారం దాని కాళ్లకి నూనెలో పసుపు కలిపి మందంగా పట్టించీది. ఆ పని మాత్రం నన్ను సెయ్యనిచ్చీది కాదు. "మొక్కు నాది, పసుపూ నానే రాయాల" అనీది.

సుట్టాలు ఊరుకుంటారా? మావ సిన్నాన్న అప్పలసూరి ఎప్పుడొచ్చినా అదే పాట. "మనిషి పోయి ఇన్నేళ్లైనాది వదినా. కరమ జరిపించాల. దాని సేతి గాజులు తీయించాల." మా అత్త శివాలెత్తిపోయీది. "నా మొక్కు కోడి పెరట్లో తిరుగుతన్నాది, కనబడట్లేదేటి నీ కళ్లకి? అది ఉన్నన్నాళ్లూ నా కోడలి గాజుల జోలికొస్తే కాళ్లిరగ్గొడతాను!" ఆ మాట ఇన్నప్పుడల్లా నాను పెరట్లోకెల్లి ఆ కోడి పక్కన కూకునీదాన్ని.

మొన్న సుక్కురారం పొద్దున్న గంపెత్తితే అది పక్కకి ఒరిగిపోయి ఉన్నాది. ముట్టుకుంటే కొయ్యలాగ బిగిసిపోనాది. మా అత్త అప్పటికే సేపల గంపతో ఎల్లిపోనాది, అదే నయమనుకున్నాను. ఈ ముసల్దానికి కొడుకన్నా ఈ కోడే, ఆశన్నా ఈ కోడే. ఇది పోనాదని తెలిస్తే మనిషి దక్కదు. ఏడవడానికైనా ఆగనేదు నాను. పీలిక ఇప్పి రవికలో దోపుకుని, కోడిని పాత సీర ముక్కలో సుట్టి ఇసకలో కప్పెట్టీసి, సంతకి పరిగెత్తినాను.

కోళ్లమ్మే గంగులు దగ్గర నల్ల పెట్టలన్నీ ఎతికినాను. ఒకదానికి తురాయి కూడా నల్లగున్నాది. కడక్‌నాథ్ అది, ఒద్దన్నాను. ఇంకోదానికి కాళ్లు సీసం రంగు, అదీ ఒద్దన్నాను. "కోడి కొంటన్నావేటి, పిల్లకి సంబంధం సూస్తన్నావేటి?" అని ఇసుక్కున్నాడు గంగులు. గంప అడుగున దొరికినాది. ఎర్ర తురాయి, నల్లీక మీద ఆకుపచ్చ మెరుపు, పసుపు కాళ్లు. అచ్చం నాటుది. ఇంటికి తెచ్చి, కాళ్లకి నూనె పసుపు రాసి, పీలిక కట్టి పెరట్లో ఒదిలీసినాను.

మద్దినేల మా అత్త ఒచ్చినాది. గంప దించి, పెరటికేసి సూసినాది. ఎల్లి ఆ పెట్టనట్టుకుని సంకలో ఎట్టుకున్నాది. సెంబుతో నీల్లు పోసి దాని కాళ్లు కడగడం మొదలెట్టినాది. నూనె పసుపు ఒక పట్టాన పోతాదా? సీర సెంగుతో రుద్దినాది. పైన పసుపు పోనాది. కింద కాళ్లూ పసుపే.

"ఇదెక్కడిదే?" అన్నాది.

"ఎక్కడిదేటి? మన మొక్కు కోడే. కళ్లు ఆనట్లేదేటి అత్తా నీకు?" అని దబాయించినాను.

"నా కళ్లకేం? మన కోడి కాళ్లు నల్లన."

నాకు అర్దం కానేదు. మొక్కిన్నాడు నా కళ్లతో సూసినాను, పసుపు కాళ్లే.

"మొక్కిన కోడి మరసటేడే సచ్చిపోనాదే నీలవేణీ" అన్నాది. "మీ అమ్మకి బాగోనేదని నువ్వు పుట్టింటికెల్లినావు సూడు, అప్పుడు. సంతంతా తిరిగినాను. అలాటిది దొరకనేదు. నల్ల కాళ్లదే దొరికినాది. నువ్వు కనిపెట్టీస్తావని పసుపు పూసినాను. పూస్తానే ఉన్నాను."

"ఎందుకత్తా?"

"పొద్దున్నే దానికి నూకలెడతా, మావ ఒచ్చేదాకా ఉండాలనీదానివి. ఆ మొకం సూసి ఎలగ సెప్పీదే? నీకోసరం దాసినాను." ఆవిడ ఆ పెట్ట ఈక నిమిరినాది. "నా కొడుకు ఆ గాలిలోనే పోనాడే. కన్నదాన్ని, నాకు తెలీదేటి?"

నాకు ఒళ్లు మండిపోనాది. ఎవుల మీదో తెలీదు. "నీకోసరం సంతకి పరిగెత్తినానే ముసల్దానా! ఇది పోతే నువ్వు పోతావని!" అని అరిసినాను. మావ పోనాడని నాకూ తెలుసు అత్తా అనాలనుకున్నాను. ఆ మాట రానేదు, ఏడుపొచ్చీసినాది. బతికున్న మనిషి కోసం ఏడవకూడదని ఇన్నేళ్లు దాసుకున్న ఏడుపంతా ఒక్కసారే ఒచ్చీసినాది. "ఓ మావోయ్" అని గుండెలు బాదుకున్నాను. మా అత్త ఆపనేదు. "ఏడవ్వే, ఏడు" అని నా తల ఒళ్లో ఎట్టుకుని ఆవిడా ఏడిసినాది. నూనె పసుపు ఆవిడ సేతుల్నుంచి నా జుట్టుకంతా అంటుకున్నాది.

తరవాత ఆవిడే లేసి ఆ పెట్ట కాలి పీలిక ఇప్పీసినాది. "అప్పలసూరికి కబురెట్టు. కరమ జరిపించమను" అన్నాది. "గాజులు మాత్రం ముట్టుకోనివ్వను. అవి నా కొడుకు ఏసినవి."

మర్నాడు పొద్దున్న నూకలు జల్లతా, అలవాటుకొద్దీ ఓ గుప్పెడు పక్కకి తీసినాను. కొత్త పెట్ట మిగతా కోళ్లలో కలిసిపోయి తింటన్నాది. ఆ గుప్పెడు ఎవులికెట్టాలో తెలీక సెయ్యి సాపి నిలబడిపోనాను. మా అత్త గుమ్మంలోంచి సూస్తన్నాది.

"అన్నిటికీ జల్లెయ్యే" అన్నాది మెల్లిగా.

జల్లీసినాను.