రెండో వైరు

ఆత్మకూరులో రాజమోహన్ నడిపే ఆన్‌లైన్ పరీక్షల సెంటరులో నేను రిసెప్షనిస్టుని. ప్రవీణ్‌కుమార్ అక్కడ నెట్‌వర్క్ టెక్నీషియన్. పేరుకే ఆ ఉద్యోగం. మూడేళ్లూ రోజుకూలీ మీదే పనిచేశాడు. వాళ్ళది ఉదయగిరి రోడ్డులో చెరువు పక్క పల్లె. తల్లి వెంగమ్మ చేపలమ్మి డిప్లొమా చదివించింది. అతను నీళ్ళు తాగే గ్లాసు విడిగా కిటికీలో ఉండేది. ఆ కిటికీ నా బల్ల పక్కనే. ఒక్కరోజైనా ఆ గ్లాసు తీసి మా గ్లాసుల్లో పెట్టలేదు నేను.

పరీక్ష మధ్యలో కంప్యూటర్లు ఆగిపోయేవి. ఎనభై మందికీ ప్రశ్నలు సర్వర్ నుంచి, అన్ని కంప్యూటర్లకీ పంచే స్విచ్ పెట్టె దాకా ఒకే వైరు మీద రావాలి. అది కాస్త కదిలినా అన్ని తెరలూ చచ్చేవి.

"ఇది సరిచేయరా, నిన్ను పర్మనెంట్ చేస్తా" అని రాజమోహన్ అందరి ముందూ మాటిచ్చాడు.

ప్రవీణ్ రెండో వైరు వేశాడు. వేస్తే చాలదట. రెండూ కలిసి ఒకే దారి అని సర్వర్‌లోనూ చెప్పాలి, స్విచ్‌లోనూ చెప్పాలి. ఒకవైపు వదిలేస్తే ఉన్నదీ పోతుందట. రెండు ఆదివారాలు అన్నం కూడా మరిచి కూర్చున్నాడు. రెండు వైర్ల దగ్గరా లైట్లు పచ్చగా వెలిగిన రోజు నా దగ్గరికి పరుగున వచ్చాడు.

"రజినక్కా, ఇప్పుడు ఒకటి తెగినా ఆగదు. మా అమ్మని ఇంక బుట్ట ఎత్తనీను."

ఆయుధపూజ నాడు సర్వర్‌కి బొట్లు పెట్టి, వైర్లకి చామంతి దండ చుట్టి, టెంకాయ కొట్టారు. అంతసేపూ ప్రవీణ్‌ని గడప బయటే నిలబెట్టారు. పని చూపించడానికి మాత్రం లోపలికి పిలిచారు. ఎనభై కంప్యూటర్లూ నడుస్తుండగా అతను ఒక వైరు పీకాడు. ఒక్క తెర కూడా ఆగలేదు.

"అయితే రెండోది దండగే గదరా" అన్నాడు రాజమోహన్. మేనల్లుడు వంశీ వైపు తిరిగి, "ఇదంతా నువ్వు చూసుకోలేవా?" అని అడిగాడు.

"ఏముండాది మామా ఇందులో!"

"చూసినావా, ఒకడు పోయినా ఆగదు. రేపట్నుంచి నువ్వు రాబాక ప్రవీణా."

అందరూ నవ్వారు. వైరు ఇంకా ప్రవీణ్ చేతిలోనే ఉంది.

"సార్, మాటిచ్చినారు..."

"పండగ పూట ఏడుపు మొహం పెట్టబాక. పో."

ఆ వైరుని వంశీ తీసుకుపోయి మామ గదిలో కెమెరాకి పెట్టాడు.

పూజ దండని వెంటనే తీయకూడదని అలాగే వదిలేశారు. పరీక్ష రోజు పొద్దున వంశీ ఎండిన దండని నా కళ్ళ ముందే లాగాడు. దాంతోపాటు ఉన్న ఒక్క వైరూ ఊడి, దాని కొస విరిగింది. పరీక్ష రద్దయింది.

"ఆ చెరువుగట్టోడు పోతా పోతా ఏదో చేసిపోయినాడు" అన్నాడు వంశీ. పోలీసులు ప్రవీణ్‌ని తీసుకుపోయారు. నన్ను అడిగితే, నేనేమీ చూడలేదని చెప్పాను. నాకు నా ఉద్యోగం ముఖ్యమైంది. సిగ్గుగానే ఉంది, కానీ చెప్పింది అదే.

నాలుగో రోజు వదిలారు. కుడిచెయ్యి వేళ్ళు ఇప్పుడు సరిగా మడవలేడు.

వెంగమ్మ మా వీధిలో ఇంకా చేపలమ్ముతూనే ఉంది. బుట్ట మా గడప ముందే దించుతుంది.

"నువ్వొక్కదానివే వాడితో మంచిగా ఉండినావంట తల్లీ" అంటూ రెండు చేపలు ఎక్కువ వేస్తుంది.

నేను గిన్నె పట్టుకుంటాను.