బుప్యోంగ్ స్టేషన్ ముందు ఖిన్ సబే

ఆదివారం వచ్చిందంటే ఖిన్ సబే మోకాళ్లు ముందే మొరాయించేవి. వారమంతా కొరియాలోని బుప్యోంగ్‌లో ఒక సందులో ఉన్న తన చిన్న హోటల్లో చేపల పులుసు కాచి, బియ్యపు సేమ్యా మీద పోసి, ఫ్యాక్టరీల్లో పనిచేసే బర్మా వాళ్ల కడుపులు నింపేది. ఆదివారం మధ్యాహ్నం హోటల్ మూసి, స్టేషన్ ముందు బ్యానర్ పట్టుకుని నిలబడేది. బర్మాలో సైన్యం గద్దెనెక్కిన కొత్తలో అక్కడ కాలు మోపే చోటుండేది కాదు. గిన్నెలు వాయిస్తూ, ఎదిరింపు గుర్తుగా మూడు వేళ్లెత్తి అరుస్తుంటే కొరియా ముసలమ్మలు ఆగి, "మేమూ ఒకప్పుడు సైన్యం పాలనలో ఇవన్నీ పడ్డవాళ్లమే తల్లీ" అని ఆమె చెయ్యి నొక్కి పోయేవారు. మూడో ఏటికి పట్టుమని పదిమంది కూడా మిగల్లేదు.

"అక్కా, ఈ వారం ఓవర్‌టైం" అనేవాడొకడు. "వీసా గొడవక్కా, కనబడితే కష్టం" అనేవాడింకొకడు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికైనా ఓపికుండాలి కదా.

ఆ ఏడే సైన్యం తొత్తులు నడిపే ఛానల్లో ఆమె ఫోటో వచ్చింది. ఏప్రన్ కట్టుకుని, గరిటె పట్టుకుని నవ్వుతున్న ఫోటో. కింద పేరు, బర్మాలోని మొన్యువా ఊళ్లో ఆమె పుట్టింటి వీధి. వారం తిరక్కుండా సైనికులు ఆ ఇంటికి వెళ్లి ఆమె చెల్లెలు ఎయ్ ఫ్యూని పట్టుకుపోయారు, తలుపులకు సీలు వేశారు. ఎయ్ ఫ్యూ బడిపంతులమ్మ. సైన్యం కింద పనిచెయ్యనని ఉద్యోగం మానేసి ఇంట్లోనే పిల్లలకు పాఠాలు చెబుతోంది.

పిన్ని ఫోన్ చేసి బావురుమంది. "నువ్వక్కడ జెండాలూపుతావు, ఇక్కడ దాన్ని జుట్టు పట్టి ఈడ్చుకుపోయారే! ఇక చాలించవే, నీకు దణ్ణం పెడతా."

ఖిన్ సబే చాలించింది. ఆదివారాలు హోటల్లోనే కూర్చుని వెల్లుల్లి ఒలిచింది. అయినా చెల్లెలికి మూడేళ్ల శిక్ష పడింది. నోరు మూసుకున్నా కనికరించని వాళ్ల కోసం ఇంకా ఎందుకు మూసుకోవాలి? మళ్లీ వెళ్లి నిలబడింది. అది ధైర్యమని ఎవరైనా అంటే ఆమెకు చిరాకేసేది.

మరుసటేడు ఒక సాయంత్రం హోటల్ ఖాళీగా ఉన్నప్పుడు జేయా వచ్చాడు. వెల్డింగ్ పనివాడు, రోజూ అక్కడే తినేవాడు. "మీ బ్యానర్ చూసి జనరల్ పారిపోయాడటక్కా" అని వెక్కిరించేవాడు. ఆ రోజు వెక్కిరించలేదు, కూర్చోనూ లేదు.

"అక్కా, మా తమ్ముణ్ని బస్టాపులో పట్టుకుని బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లారు. ఏమయ్యాడో తెలీదు."

"అయ్యో! కూర్చోరా, కాస్త పులుసు తాగు."

"వద్దక్కా." తల వంచుకున్నాడు. "నీ ఫోటో పంపింది నేనే. మా బావ అక్కడ సైన్యంలో సార్జెంటు, అడిగాడు. ఊరికే బెదిరిస్తారనుకున్నా."

"ఊరికేనా?"

"నన్ను కొట్టక్కా."

"చెయ్యి లేవడం లేదురా" అందామె. నిజంగానే లేవలేదు. "నా చేతి కూడు తిని మా ఇంట్లో నిప్పులు పోశావు. పో. ఈ గడప తొక్కకు."

గడప తొక్కలేదు. ఆదివారం స్టేషన్ ముందుకొచ్చి వరుస చివర నిలబడ్డాడు. జట్టును నడిపే న్యీ ల్విన్, సంగతి తెలిసి, జేయా కాలర్ పట్టుకున్నాడు. "ఏ మొహం పెట్టుకుని వచ్చావురా, కుక్కా!"

"వదిలెయ్ తమ్ముడూ" అంది ఖిన్ సబే. "బ్యానర్‌కి ఆ కొస పట్టుకునేవాడు లేడు. వాణ్ని పట్టుకోనీ."

"అప్పుడే మర్చిపోయావా అక్కా?"

"ఎలా మర్చిపోతాను? నిద్దట్లో కూడా పళ్లు కొరుకుతున్నాను. కానీ గాలికి నా భుజం పీకేస్తోంది, వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం అతను వచ్చాడు. నినాదాలయ్యాక అందరూ ఆమె హోటల్‌కి తిండికి వెళ్తే, అతను ఒక్కడే రైలెక్కేవాడు. ఆమె ఒక్కసారీ పిలవలేదు.

గడువుకు ముందే, క్షమాభిక్షలో, ఎయ్ ఫ్యూ విడుదలైంది. ఫోన్ తెర మీద చెంపలు లోపలికి పోయి, జుట్టు కత్తిరించి, వేరే మనిషిలా ఉంది.

"ఇంకా నిలబడుతున్నావా అక్కా?"

"ఆఁ. నువ్వు వద్దంటే మానేస్తానే."

"మానొద్దు." చాలాసేపు దగ్గి, అడిగింది. "ఆ ఫోటో పంపిందెవరో తెలిసిందా?"

"తెలిసింది."

"నాకు చెప్పకు. ఆ పేరు కూడా మొయ్యలేను."

ఆ ఆదివారం వాన. నలుగురే వచ్చారు. బ్యానర్ తడిసి బరువెక్కింది. ఖిన్ సబే జేయా వైపు తిరగకుండానే అడిగింది.

"మీ తమ్ముడి కబురేమైనా తెలిసిందా?"

జేయా తల అడ్డంగా ఊపాడు.

"ఊఁ" అని, ఆమె బ్యానర్ కర్రను ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది.