తాడ్‌పత్రికి పోయి అండమాన్ గెలిచాను

బొంబాయి కామాఠిపురలో, వరస గదుల చాల్‌లో మా గదికి ఒక్కటే కిటికీ. అందులోంచి కనిపించే వన్యప్రాణులు కాకులు, పిల్లులు. అందుకే లిటిల్ అండమాన్ తీరంలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే గుంతలు లెక్కించే బృందానికి మనుషులు కావాలని తెలియగానే దరఖాస్తు పెట్టేశాను. ఎనిమిది మందిలో నా పేరూ వచ్చింది. ఇక మిగిలింది ఆదివారం దాదర్‌లో జరిగే గుడారం కట్టే పరీక్షే.

శుక్రవారం బృంద నాయకుడు రామారావు గారు ఫోన్ చేశారు. ఆయనది రాజమండ్రి. సామాన్లు సర్దుకున్నారా అని అడిగితే, "ఇంకా లేదండీ, రేపు తాడ్‌పత్రికి పోవాలి" అన్నాను. "అలాగా, సరేనమ్మా" అని పెట్టేశారు. తెల్లారేసరికి సందేశం: మీరు ఊరెళ్తున్నారు కాబట్టి మీ చోటు మరొకరికి ఇస్తున్నాం. మా బొంబాయి తెలుగులో టార్పాలిన్‌ను మరాఠీవాళ్లలా తాడ్‌పత్రి అంటాం. ఆయనకేమో అనంతపురం జిల్లా తాడిపత్రి వినిపించింది. ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వారు గానీ, ఆ మరొకరికి అప్పటికే మాట ఇచ్చేశారట. "ఇద్దరూ రండి. ఎవరి పడక తడవకపోతే వాళ్లదే చోటు" అన్నారు.

ఫాక్‌లాండ్ రోడ్‌లో తొమ్మిది వందలు చెప్పిన తాడ్‌పత్రిని ఏడు వందలకు బేరమాడి తెచ్చి, చాల్ వరండాలో కట్టడం మొదలుపెట్టాను. పక్క గది మల్లేశం కాకది మహబూబ్‌నగర్. ఇరవై ఏళ్లుగా పరంజాలు కడుతున్నాడు. కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"గట్ల కాదు బిడ్డా. వాన ఎటు నుంచి కొడ్తదో ఆ దిక్కు అంచు కిందికి గుంజు. తాడుకు గీ పాత లుంగీ పీలిక కట్టు."

"పీలిక దేనికి కాకా?"

"నీళ్లు తాడు పట్టుకొని లోపలికొస్తయి. పీలిక కాడ కారిపోతయి. సైటు మీద మా గుడిసెలకు గదే బందోబస్తు."

ఆదివారం గ్రాంట్ రోడ్‌లో 7.40 స్లో లోకల్ రైలు ఎక్కాను. టికెట్ ఐదు రూపాయలు, పావుగంట ప్రయాణం. మైదానంలో ఇద్దరం గుడారాలు కట్టి లోపల పడకలు పరిచాక రామారావు గారు బకెట్లతో నీళ్లు కుమ్మరించారు. నాకు పోటీగా పుణె నుంచి వచ్చిన ఇంజనీరు గారి ముడులు నా వాటికంటే చక్కగా ఉన్నాయి. కానీ నీళ్లు ఆయన తాడు వెంట నడిచి సరిగ్గా పడక మీదే పడ్డాయి. నా తాడు మీది నీళ్లు పీలిక దగ్గరే ఆగి నేల మీదికి కారిపోయాయి. రామారావు గారు నా పడకను రెండుసార్లు తడిమి చూసి, "పొడిగా ఉందమ్మా, చోటు మీదే" అన్నారు. ఎగిరి గంతేశాను, సిగ్గుపడలేదు.

మా ముత్తాత కూలిపనికి ఈ నగరం వచ్చినప్పుడు ఇలాంటి పీలికలు కట్టిన గుడిసెలోనే పడుకుని ఉంటాడు. ఆ పనితనమే ఇప్పుడు నాతో పాటు సముద్రం దాటుతోంది. కాకకు చెప్పి మురిసిపోయాను. సాయంత్రం రామారావు గారు అందరికీ పంపిన సామాన్ల జాబితాలో మొదటి వరుస ఇది: "తాడ్‌పత్రి. ఊరు కాదు."

ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లకు ఒక్క సలహా: ఖరీదైన తాళ్ల కోసం వెతకకండి, ఇంట్లో పాత లుంగీ ఒకటి నాలుగు పీలికలుగా చింపి సంచిలో వేసుకోండి.